బంతి ఎటు తప్పాలి?

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లలో గోల్ఫ్ మైదానాన్ని దగ్గరి నుంచి చూసినవాళ్లు ఉన్నారు. ఆడి కాదు. గడ్డి కోసి, నీళ్లు పట్టి, బంకర్లలో ఇసుక చదును చేసి. దుబాయిలో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ 1988లో తెరుచుకుంది. ఆ దేశాల్లో పూర్తిగా పచ్చిక పరిచిన మొదటి కోర్సు అదే. అంతకుముందు అక్కడి దొరలు ఎడారిలోనే ఆడేవారు, ఇసుకలో నూనె కలిపి గట్టిపరిచిన నేల మీద గుంత తీసుకుని.

మైదానంలోకి పొద్దున్నే దిగే పనివాళ్లలో ఒకరి చేతిలో గుండ్రటి కోత గొట్టం ఉంటుంది. నిన్నటి గుంతను పూడ్చి, అదే పచ్చిక మీద ఇంకోచోట కొత్త గుంత తీయడం అతని పని. గుంత వెడల్పు 4.25 అంగుళాలు. నిన్న ఎడమ మూలన ఉన్న జెండా ఇవాళ కుడి మూలకు వస్తుంది. నాలుగు వందల గజాల అవతల నిలబడ్డ ఆటగాడు తన మొదటి దెబ్బను ఎటు కొట్టాలన్నది దాంతో తారుమారవుతుంది. డబ్బులు పెట్టి సభ్యత్వం తీసుకున్నవాళ్లంతా ఆ రోజు ఎలా ఆలోచించాలో తెల్లారకముందే ఆ పనివాడు తేల్చేస్తాడు. మనవాళ్లు గల్ఫ్ ముచ్చట్లు చెప్పేటప్పుడు ఈ సంగతి చెప్పరు. ఎండ గురించి చెబుతారు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. గోల్ఫ్‌లో గుంత అంటే ఆ చివరి చిన్న బొక్క ఒక్కటే కాదు, బంతి మొదలయ్యే టీ నుంచి జెండా దాకా ఉన్న జాగా అంతా. నడుమ కోసిన గడ్డి బాట ఫెయిర్‌వే, చివరన నున్నటి పచ్చిక గ్రీన్, దారిలో ఇసుక గోతులు బంకర్లు. మంచి ఆటగాడికి ఒక్కో గుంతకు ఎన్ని దెబ్బలు పట్టాలో చెప్పే లెక్క పార్. ఇట్లాంటి గుంతలు 18. ప్రతిదాన్నీ ఎలా దాటాలో ముందే ఆలోచించుకోవడాన్ని వ్యూహం అంటున్నాం. దీని చరిత్రను తిరగేస్తే నాకు ఒకటే కనబడుతుంది: ఎక్కడికి కొట్టాలన్న ఆలోచన చాలా పాతది, సులువైనది కూడా. తప్పితే ఎటు తప్పాలన్న ఆలోచన రావడానికి మాత్రం వందల ఏళ్లు పట్టింది.

స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ 1457లోనే ఈ ఆటను నిషేధించాడు. జనం విలువిద్య సాధన మానేసి దీని వెంట పడుతున్నారని ఆయన బాధ. అప్పటి మైదానాలను ఎవరూ కట్టలేదు. సముద్రానికీ పొలాలకూ నడుమ పంట పండని ఇసుక నేల ఉండేది. అక్కడ గొర్రెలు మేసేవి, కుందేళ్లు బొరియలు తవ్వేవి. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్లు అరిగి గోతులయ్యాయని, అవే మొదటి బంకర్లని అంటారు. అంటే ఆ గోతుల్ని అక్కడ పెట్టింది ఆటగాళ్లను ఏడిపించాలన్న ఉద్దేశంతో కాదు. ఎవరో పెట్టినవి కావు కాబట్టి వాటిలో న్యాయం వెతకడానికీ లేదు. గుంతల లెక్కా అంతే. లీత్ ఊళ్లో 1744లో తొలి లిఖిత నియమాలు 13 రాసుకున్నప్పుడు అక్కడ ఉన్నవి ఐదు గుంతలే. సెయింట్ ఆండ్రూస్‌లో ఒక చుట్టు 22 గుంతలు. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపారు. పోతూ వస్తూ అవే ఆడతారు కాబట్టి 22 కాస్తా 18 అయింది. ప్రపంచమంతా ఇవాళ 18 అంటున్నది ఆ ఒక్క ఊరి సర్దుబాటును చూసే.

అప్పట్లో ఆట ఇద్దరి మధ్య పందెం. ఒక్కో గుంతను ఎవరు గెలిచారన్నదే లెక్క, మొత్తం దెబ్బలు కాదు. అందుకే వ్యూహమంతా ఎదుటివాడి చుట్టూ తిరిగేది. మన పిల్లలు గోటీలాడేటప్పుడు గుంతలో వేయడం కన్నా ఎదుటివాడి గోటీని చెదరగొట్టడమే మేలని చూసే సమయం ఒకటి వస్తుంది కదా, అదే వరస. గ్రీన్ మీద నీ బంతికీ గుంతకూ నడుమ నా బంతి ఆగితే తీయాల్సిన పని లేదు. పైనుంచి దూకించుకోవడమో పక్కనుంచి తిప్పుకోవడమో నీ కర్మ. కావాలనే అడ్డం పెట్టేవాళ్లూ ఉండేవారు. ఈ అడ్డం పెట్టుడు 1952లో నియమాలు మారేదాకా సాగింది. ఆ నియమం పోయినందుకు నాకైతే కొంచెం బాధే. అంతకన్నా తుంటరి ఆలోచన ఈ ఆటలో మళ్లీ పుట్టలేదు.

1860లో ప్రెస్ట్‌విక్‌లో తొలి ఓపెన్ పోటీ పెట్టి, ఎనిమిది మందిని 36 గుంతలు ఆడించి, మొత్తం దెబ్బలు లెక్కబెట్టారు. విల్లీ పార్క్ 174 దెబ్బలతో గెలిచాడు. ఈ పద్ధతితో ఆలోచనే మారింది. పందెంలో ఒక గుంతలో పది దెబ్బలు పోయినా ఒక గుంతే పోతుంది. మొత్తం లెక్కలో ఆ పదీ చివరి దాకా వెంట వస్తాయి. ధైర్యానికి ఖరీదు కట్టాల్సి వచ్చింది అప్పుడే.

సెయింట్ ఆండ్రూస్ పాత కోర్సు దగ్గర కాస్త ఆగాలి. తర్వాత పుట్టిన వ్యూహ సిద్ధాంతాలన్నింటికీ తల్లివేరు అదే. అక్కడ ఫెయిర్‌వేలు విశాలం. కొత్తగా చూసినవాడికి ఎటైనా కొట్టొచ్చు అనిపిస్తుంది. చాలా గుంతల్లో కుడివైపు హద్దు, గడ్డి పొదలు, ఎడమవైపు ఖాళీ. భయపడ్డవాడు ఎడమకు కొడతాడు, బంతి హాయిగా పడుతుంది. రెండో దెబ్బకు తెలుస్తుంది కథ: అక్కడి నుంచి గ్రీన్‌కు నేరుగా దారి లేదు, బంకరో దిబ్బో అడ్డం. హద్దును రాసుకుంటూ కుడికి కొట్టినవాడికి మాత్రం గ్రీన్ తలుపు తీసినట్టు కనిపిస్తుంది. కొన్ని బంకర్లు టీ దగ్గర నుంచి అసలు కనబడవు. ఒకప్పుడు ఈ కోర్సును ఎదురు దిశలో కూడా ఆడేవారు. ఆ దిశలో వచ్చేవారికి ఎదురుగా కనబడేవి, ఈ దిశలో పోయేవారికి దొంగల్లా దాక్కుంటాయి. బొత్తిగా అన్యాయమని తిట్టుకున్నవారు ఎందరో. అలవాటైనవారు మాత్రం బంకర్ల పేర్లు, వాటి గుణాలు ఊళ్లో మనుషుల గురించి చెప్పినట్టే చెబుతారు.

అక్కడి 17వ గుంత గ్రీన్ పక్కన రోడ్ బంకర్ అని ఒక లోతైన గొయ్యి ఉంది. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లోనే గ్రీన్ చేరాడు. ఇక గుంతలోకి దొర్లించడమే మిగిలింది. దొర్లించిన బంతి గ్రీన్ వాలు పట్టుకుని పోయి ఆ గొయ్యిలో పడింది. బయటపడటానికి నాలుగు దెబ్బలు, మొత్తం 9. జెండా గోతి పక్కనే ఉన్న రోజున దాని వైపు చూడనే కూడదని, ఇంకో పక్కన ఆపుకుని 5 తీసుకుని వెళ్లిపోవడమే తెలివని అప్పటి నుంచి ఆ గుంతకు వచ్చే ప్రతి ఆటగాడికీ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు.

19వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో గోల్ఫ్ పిచ్చి పట్టింది. రైలు స్టేషన్ ఉన్న ప్రతిచోటా కోర్సు కావాలన్నారు. టామ్ డన్ వంటివారు నేల మీద తిరిగి, గూటాలు పాతి, రోజుల్లో కోర్సులు తేల్చేసేవారు. ఫెయిర్‌వేకు అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి మట్టి కట్ట, దాని ముందు గొయ్యి. దాటినవాడు మంచి ఆటగాడు, దాటనివాడు దండుగ కట్టాలి. ఇందులో ఆలోచించేదేమీ లేదు, బడిపిల్లల పరీక్షలాగా పాసో ఫెయిలో. దీన్నే దండన పద్ధతి అంటారు. అమెరికాలో ఓక్‌మాంట్ కోర్సు 1903 నుంచీ ఈ పద్ధతికి జెండాలా నిలిచింది. అక్కడ బంకర్లలో ఇసుకను బరువైన పళ్ల పనిముట్టుతో సాళ్లుగా గీసి మరీ ఉంచేవారు, బంతి సాలులో ఇరుక్కుపోయేలా.

మార్పు లండన్ దగ్గరి వోకింగ్ క్లబ్‌లో మొదలైంది. వకీళ్లు పెట్టుకున్న క్లబ్ అది. దాని నాలుగో గుంత కుడివైపు రైలు పట్టాల వెంట సాగుతుంది. 1900 దాటిన తొలి ఏళ్లలో స్టూవర్ట్ పాటన్, జాన్ లో అనే ఇద్దరు సభ్యులు ఫెయిర్‌వే సరిగ్గా నడుమ, మంచి దెబ్బ వచ్చి పడే చోటనే బంకర్లు తవ్వించారు. క్లబ్ భగ్గుమంది. నేరుగా కొట్టినవాడికి శిక్షా? వంకరగా కొట్టినవాడు తప్పించుకోవడమా? కోపంతో చూడబోయిన టామ్ సింప్సన్ అనే యువ వకీలు అక్కడ నిలబడి లెక్క వేసుకున్నాడు. ఎడమకు కొడితే జాగా ఎంతైనా ఉంది, రెండో దెబ్బ మాత్రం కష్టం. బంకర్లకూ రైలు పట్టాలకూ నడుమ సందులోకి కొడితే గ్రీన్ కోణం చక్కగా అమరుతుంది, చేయి జారితే బంతి పట్టాల మీద. లేదా బంకర్లకు ఇవతలే ఆపుకోవాలి, అప్పుడు రెండో దెబ్బ పొడవవుతుంది. సింప్సన్ తిట్టడానికి పోయి మెచ్చుకుని తిరిగొచ్చాడు. కొన్నాళ్లకు వకాల్తా వదిలేసి తనే కోర్సులు గీసే పనిలో దిగాడు. జాన్ లో 1903లో ఒక పుస్తకం రాసి ఈ ఆలోచనకు పునాది వేశాడు. పాటన్, లో ఇద్దరూ కొత్తగా కనిపెట్టింది లేదు. సెయింట్ ఆండ్రూస్‌లో గొర్రెలూ గాలీ చేసిన పనిని ఒక పటం మీదికి ఎత్తారు, అంతే. కానీ అంతకుముందు గుంత ఆటగాడిని ఆజ్ఞాపించేది. ఇప్పుడు అడగడం మొదలుపెట్టింది.

ఈ విద్యను అందరికన్నా ముందుకు తీసుకుపోయినవాడు అలిస్టర్ మెకంజీ, వృత్తిరీత్యా డాక్టరు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి పోయినప్పుడు, అక్కడి రైతు సైనికులు నేల మలుపుల్లో కనబడకుండా ఎలా దాక్కుంటున్నారో గమనించాడు. ఉన్నదాన్ని లేనట్టు, లేనిదాన్ని ఉన్నట్టు చూపించే ఆ పనితనాన్ని తర్వాత బంకర్లలో, గ్రీన్లలో వాడాడు. 1914లో ఒక పత్రిక పెట్టిన పోటీకి ఆయన గీసి పంపిన గుంతకు మొదటి బహుమతి వచ్చింది. ఆ ఒక్క గుంతకు ఐదు దారులు! బలవంతుడికొకటి, భయస్తుడికొకటి, నడిమివాళ్లకు మిగిలినవి. పేరున్న ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి ఆయన అమెరికాలో గీసిన అగస్టా కోర్సు 1933లో మొదలైంది. మొదట్లో దానిలో బంకర్లు ఇరవై చిల్లర మాత్రమే. భయమంతా వాలుల్లో, వాగులో, జెండా ఉండే చోటులో దాచాడు. 13వ గుంతలో గ్రీన్ ముందు పారే వాగును రెండో దెబ్బకే దాటాలా, ఇవతల ఆగి మూడో దెబ్బకు పోవాలా అన్న ప్రశ్నకు దాదాపు తొంభై ఏళ్లుగా ఆటగాళ్లు నిలబడి తల గోక్కుంటూనే ఉన్నారు. ఆ కోర్సులో తొలి మాస్టర్స్ పోటీ 1934లో జరిగింది. దాన్ని చూడకుండానే ఆ ఏడు జనవరిలో మెకంజీ పోయాడు.

యుద్ధాలతో, కోటలతో ఈ ఆటకు చుట్టరికం ఇంకా ఉంది. స్కాట్లాండ్‌లోని నార్త్ బెర్విక్‌లో రెడాన్ అనే గుంతను లోకమంతా నకలు చేసింది. ఆ పేరు క్రిమియా యుద్ధంలో సైనికులు చూసొచ్చిన కోట మూలది. గ్రీన్ అడ్డంగా, వెనక్కి వాలి ఉంటుంది, ముందు లోతైన బంకర్ కాపలా. నేరుగా దాడి చేస్తే నిలవదు. కుడి భుజం మీద దించి వాలుతో దొర్లనివ్వాలి.

మన దగ్గర ఏకంగా కోటలోనే ఆడుతున్నారు. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చినప్పుడు, కోట బయటి మిట్ట ఎంత ప్రమాదమో అబ్దుల్లా కుతుబ్ షాకు తెలిసొచ్చింది. ఆ మిట్టను కలుపుకుని గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ 18 గుంతల కోర్సు ఇప్పుడు ఆ బురుజుల మధ్య ఉంది. కందకాల, గోడల పక్కన పచ్చిక పెంచడమేమిటని చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు అభ్యంతరం చెప్పారు, వ్యవహారం కోర్టుల దాకా పోయింది. నా మటుకు నాకు వాళ్ల వాదనలోనే బలం కనిపిస్తుంది, ఆట మీద ఎంత మోజున్నా సరే. శత్రువు ఎటు నుంచి వస్తాడో లెక్కగట్టి కట్టిన గోడ అది. దాన్ని చదవడం గోల్ఫ్ గుంతను చదవడం కన్నా గొప్ప సంగతి. గచ్చిబౌలి దగ్గరి బౌల్డర్ హిల్స్ కోర్సును పీటర్ హరడైన్ గీశాడు. అక్కడి గుండ్లను తీసేయకుండా ఉన్నచోటే ఉంచారు. గ్రానైటు గుట్టల నడుమ పెరిగిన కరీంనగర్ వాళ్లకు ఆ గుండ్లను చూస్తే వింతేమీ అనిపించదు. ఇసుకలో పడ్డ బంతిని తీయొచ్చు, గుండుకు తగిలిన బంతి ఎటు పోతుందో దానికే తెలియదు. కాబట్టి గుండ్ల వైపు తప్పడం ఏ లెక్కలోనూ కుదరదు.

మన దేశానికి ఈ ఆట 1829లోనే కలకత్తా క్లబ్‌తో వచ్చింది. బ్రిటన్ దాటాక అంత పాత క్లబ్ ఇంకోటి లేదు. కలకత్తాలో నేల చదును, అందుకని చెరువులే అక్కడ అసలు ప్రశ్నలయ్యాయి. నీళ్లు తక్కువున్న కంటోన్మెంట్లలో గ్రీన్లకు బదులు ఇసుకలో నూనె కలిపిన చదును నేలలుండేవి. అలాంటి నేలకు వాలు ఉండదు, బంతి పడితే ఆగుతుంది, కాబట్టి జెండాకు ఏ పక్క నుంచి వచ్చినా ఒకటే. పచ్చిక వచ్చాకే కోణం గురించి ఆలోచించాల్సిన పని పడింది.

వ్యూహం కాగితం మీదికి ఎక్కడం మరో మలుపు. 1953లో స్కాట్లాండ్‌లోని కార్నూస్టీ ఆరో గుంతలో అమెరికా ఆటగాడు బెన్ హోగన్ బంకర్లకూ హద్దు కంచెకూ నడుమ సన్నటి సందులోకి నాలుగు రౌండ్లలోనూ కొట్టి ఓపెన్ గెలిచాడని చెప్పుకుంటారు. ఆ సందుకు ఇప్పుడు ఆయన పేరే. అది కంటితో, గుండెతో ఆడిన ఆట. 1961లో కుర్ర జాక్ నిక్లాస్, తోటి ఆటగాడు డీన్ బీమన్ మాట విని, దూరాలను అడుగులతో కొలిచి రాసుకోవడం మొదలుపెట్టాడు. కన్ను మీద నమ్మకం పోయి కాగితం మీద నమ్మకం పెరిగింది. కొన్నేళ్లకు ఆటగాడి సంచి మోసే ప్రతి కాడీ జేబులో ఒక దూరాల పుస్తకం చేరింది.

ఆ తర్వాత లెక్కలవాళ్లు వచ్చారు. అమెరికా పోటీల్లో ప్రతి దెబ్బ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో లేజర్లతో కొలిచి నమోదు చేశారు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్క్ బ్రాడీ ఆ రాశిలోంచి తేల్చిన విషయాలను 2014లో పుస్తకంగా వేశాడు. గొప్పవాళ్లు కూడా ఎనిమిది అడుగుల దూరం నుంచి సగం సార్లే గుంతలో వేస్తారు. దగ్గరి దెబ్బలూ గ్రీన్ మీది పనితనమే గెలిపిస్తాయన్న పాత నమ్మకం తప్పు. మంచివాడికీ మామూలువాడికీ తేడాలో మూడింట రెండు వంతులు దూరపు దెబ్బల్లోనే ఉంది. ఎంత బాగా కొట్టేవాడి బంతులైనా ఒక్కచోట పడవు, చెదిరిన గింజల్లా వెడల్పుగా పడతాయి. గురి పెట్టాల్సింది జెండాకు కాదు, ఆ గింజల్లో వీలైనన్ని తక్కువ నీళ్లలో పడేలా ఉన్న చోటుకు. జాన్ లో, మెకంజీ ఊహతో చెప్పింది ఇక్కడ అంకెలతో రుజువైంది. ఒక్కచోట మాత్రం అంకెలు వాళ్లకు అడ్డం తిరిగాయి. కోణం కోసం హద్దు అంచున ఆడటం కన్నా వీలైనంత ముందుకు కొట్టడమే చాలాసార్లు లాభమని తేలింది. ఆనాడు భగ్గుమన్న వోకింగ్ సభ్యులు ఇది వింటే ఎంత సంతోషించేవారో!

ఈ లెక్కలన్నీ ఒకే గుంతలో ఒక తెలుగు ఇంటి కుర్రాడి మీద పనిచేసిన రోజు 2022 ఫిబ్రవరి 13. సాహిత్ తీగల తండ్రి మురళీధర్ హైదరాబాద్ నుంచి 1980లలో చదువుకోసం అమెరికా పోయాడు. కొడుకు కాలిఫోర్నియాలో పెరిగి, పెపర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2020లో అక్కడి కళాశాల ఆటగాళ్లకిచ్చే పెద్ద అవార్డులు మూడూ ఒకే ఏడు తీసుకున్నాడు. ఫీనిక్స్ ఓపెన్‌కు నిర్వాహకుల ఆహ్వానం మీద వచ్చిన కొత్తవాడు, మూడు రోజులు ముందంజలో ఉన్నాడు. చివరి రోజు 17వ గుంత దగ్గరికి వచ్చేసరికి ఇంకా ముందున్నవారితో సమానంగా పైనే. ఆ గుంత 332 గజాలు. ఈ కోర్సు గీసినవారిలో ఒకడైన టామ్ వైస్కాఫ్, ఒక్క దెబ్బకే గ్రీన్ అందే ఇలాంటి గుంత ఒకటి తన కోర్సుల్లో తప్పకుండా పెట్టేవాడు. ఇక్కడ ఎడమన నీళ్లు కాచుకుని ఉంటాయి. తగ్గి కొడితే చిన్న రెండో దెబ్బతో పని అయిపోతుంది. గ్రీన్‌కే కొడితే ఆట గెలవొచ్చు.

సాహిత్ గ్రీన్‌కే కొట్టాడు. దెబ్బ బాగానే తగిలింది. గ్రీన్ ముందర నేల మీద పడిన బంతి విసురుగా ఎడమకు తిరిగి నీళ్లలోకి పోయింది. సమానంగా నిలిచినవారి మధ్య గెలుపు తేల్చే ప్లేఆఫ్ ఒక్క దెబ్బ తేడాతో తప్పిపోయింది, స్కాటీ షెఫ్లర్ గెలిచాడు. కెమెరాల ముందే కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ గుంపంతా అతనివైపే ఉంది. తగ్గి కొట్టాల్సిందని ఆ రాత్రి చాలామంది అన్నారు. బ్రాడీ లెక్క పట్టుకుని చూస్తే అతను ఎంచుకున్నది తప్పు దెబ్బ కాదు. అంత దూరం కొట్టగలవాడు ఆ గుంతలో మళ్లీ మళ్లీ అదే కొట్టాలి. నేల ఇచ్చిన ఆ ఒక్క విసురు ఏ లెక్కలోకీ రాదు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ పోటీని సాహిత్ రెండు దెబ్బల తేడాతో గెలిచాడు, 21 అండర్ పార్. తల్లిదండ్రులు మైదానంలోనే ఉన్నారు.